జైలు గేటు బయట మొదలయ్యే పనికి డబ్బు ఎవరిస్తారు?

[తెర మీద: శీర్షిక. తర్వాత మాట్లాడే మనిషి.]

నమస్తే. కోర్టు బెయిల్ ఇచ్చాక కూడా జైల్లోనే ఉండిపోయేవాళ్లు ఉంటారు. పది వేల పూచీకత్తు, ఇద్దరు జామీనుదారులు అని ఆర్డర్లో రాసి ఉంటుంది. అంటే ఇంటిపన్ను రసీదో, పొలం పాస్‌బుక్కో పట్టుకుని కోర్టుకొచ్చి సంతకం పెట్టే మనుషులు ఇద్దరు కావాలి. పొట్ట చేతపట్టుకుని ఒడిశా నుంచి కూలికొచ్చినవాడికి ఆ ఇద్దరు ఎక్కణ్ణుంచి వస్తారు? శిక్ష పూర్తయి బయటికొచ్చినవాడి కష్టం ఇంకోరకం. ఆధార్ ఎక్కడుందో తెలియదు, సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. గది అద్దెకు అడిగితే "ఇన్నాళ్లూ ఎక్కడున్నావు బాబూ" అంటారు.

వీళ్ల పక్కన నిలబడే సంస్థలు మన దగ్గర తక్కువ. ఉన్నవాటికి కూడా ఏడాది పొడవునా డబ్బు వెతుకులాటే. సంస్థ నడుపుతున్నవాళ్లు, పెట్టాలనుకుంటున్న లాయర్లు, సోషల్ వర్క్ చదివినవాళ్లు, మీకోసమే ఈ వీడియో.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ పనికి డబ్బు ఉంది. కాకపోతే "ఖైదీల పునరావాసం" అనే పేరు మీద ఒకేచోట లేదు, నాలుగైదు వేరే పేర్ల కింద చెదిరి ఉంది. ఇంకో సంగతి: కుట్టు మిషన్లు కొనిచ్చే దాతలు దొరుకుతారు. విడుదలైన మనిషిని వెంటబెట్టుకుని ఆధార్ సెంటర్‌కీ, బ్యాంకుకీ, మేస్త్రీ దగ్గరికీ తిరిగే కార్యకర్తకు జీతం ఇచ్చేవాళ్లు మాత్రం దొరకరు. అసలు పని ఆ కార్యకర్తదే. ఆ జీతాన్ని మొహమాటం లేకుండా అడగడం ఎలాగో చెప్పాలనే ఈ వీడియో చేస్తున్నాను.

[తెర మీద: 2022 చివరికి జైళ్లలో ఉన్నవారు 5,73,220. అందులో విచారణ ఖైదీలు 4,34,302.]

ఇవి జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు. ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా నేరం రుజువు కాలేదు. కాబట్టి పునరావాసం అనగానే శిక్ష పడ్డవాళ్లనే ఊహించుకోకండి. ప్రపోజల్ రాసేటప్పుడు ఈ తేడా స్పష్టంగా రాయాలి. "నేరస్థులకు మేమెందుకు ఇవ్వాలి" అని దాత అడిగితే మీ మొదటి జవాబు ఇదే.

మరి ప్రభుత్వం? జైళ్లు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. రాష్ట్రం ఇచ్చే బడ్జెట్లో ఎక్కువ భాగం సిబ్బంది జీతాలకు, తిండికి, గోడలకు పోతుంది. గేటు దాటిన మర్నాడు ఆ మనిషి ఏ శాఖ ఖాతాలోకి వస్తాడో అడగండి, ఎవరూ చప్పున చెప్పలేరు. అయినా సరే, ముందు ప్రభుత్వం దగ్గరికే వెళ్లాలంటాను. ప్రభుత్వం ఉచితంగా చేసిపెట్టే పనికి మీరు చందాలు వసూలు చేయకూడదు.

లాయర్ ఫీజు తీసుకోండి. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. హెల్ప్‌లైన్ 15100.

బెయిల్ డబ్బుకి 2023లో కేంద్రం ఒక పథకం తెచ్చింది. అంతకు ముందు 2022 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవ సభలో, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చిన్నచిన్న కేసుల్లో ఏళ్ల తరబడి మగ్గుతున్న పేద ఖైదీల గురించి జడ్జీల ఎదుటే మాట్లాడారు. ఆ తర్వాతి బడ్జెట్లో పేద ఖైదీల సహాయ పథకం వచ్చింది. 2023 మార్గదర్శకాల ప్రకారం విచారణ ఖైదీకి పూచీకత్తు కోసం 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేక ఆగిపోయిన శిక్ష ఖైదీకి 25,000 వరకు ఇవ్వాలని పెట్టారు. అవినీతి, మత్తు పదార్థాలు, మనీలాండరింగ్, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల్లో ఉన్నవాళ్లకు వర్తించదు.

ఇది ఎలా నడుస్తుందో కాస్త ఓపిగ్గా వినండి, మీ సంస్థకు చోటు ఇక్కడే ఉంది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు అధికారులు న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. ఆయన ఆ ఖైదీ ఆర్థిక పరిస్థితి మీద విచారణ చేయిస్తారు. ఆ విచారణకు సామాజిక కార్యకర్తల సాయం తీసుకోవచ్చని మార్గదర్శకాల్లోనే ఉంది. తర్వాత జిల్లా కలెక్టర్, ఎస్పీ, జైలు సూపరింటెండెంట్ తదితరులున్న కమిటీ డబ్బు మంజూరు చేస్తుంది. ఆ ఇంటికి వెళ్లి, తల్లితో మాట్లాడి, రేషన్ కార్డు చూసి నాలుగు వాక్యాల నివేదిక రాసే మనిషి లేకపోతే ఫైలు కదలదు. ఆ మనిషి మీ కార్యకర్తే కావచ్చు.

ఒక ఇబ్బంది ఉంది. పథకం డబ్బు ఇస్తుంది, జామీనుదారుణ్ణి తెచ్చివ్వదు. స్థానిక జామీను కావాలని కోర్టు పట్టుబడితే షరతు సడలించమని పిటిషన్ వేయాలి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. బెయిల్ వచ్చి నెల దాటినా పూచీకత్తు కట్టలేకపోతే కింది కోర్టు తనంతట తానే షరతు మార్చే విషయం చూడొచ్చని చెప్పింది. స్థానిక జామీను పట్టుదల విడుదలకు అడ్డుపడుతోందని కూడా అంది. ఆ ఉత్తర్వు కాపీ ఒకటి మీ సంచిలో ఎప్పుడూ ఉండాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పని నేర్పించడానికి జన శిక్షణ సంస్థాన్‌లు, బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. విడుదలయ్యాక ఇంటివాళ్లు రానివ్వని ఆడవాళ్లకు శక్తి సదన్‌లు అనే ప్రభుత్వ ఆశ్రయ గృహాలు. బాలల గృహం నుంచి పద్దెనిమిదేళ్లు నిండి బయటికొచ్చే పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం. భర్త జైల్లో ఉన్న ఇల్లాలికి అన్నిటికంటే దగ్గరి దారి ఊళ్లోని డ్వాక్రా సంఘమే. ఆమెను సభ్యురాలిగా చేర్పించడానికి పైసా ఖర్చు లేదు. సంఘం లీడరమ్మను ఒప్పించే ఓపిక కావాలి.

[తెర మీద: కంపెనీల సీఎస్సార్.]

ఇప్పుడు కంపెనీల సొమ్ము. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెప్పేది ఇది: నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. సీఎస్సార్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, అనేది దీన్నే. ఏ పనులకు అన్నది ఏడవ షెడ్యూల్లో ఉంది. అందులో జైలు అన్న మాట వెతికితే కనిపించదు. ఉపాధి నైపుణ్యాలు, విద్య, ఆరోగ్యం, వెనకబడిన వర్గాల అసమానతలు తగ్గించడం ఉన్నాయి. మీ పని వీటిలో ఎక్కడ ఇముడుతుందో చూసుకుని ఆ మాటల్లో రాయండి. ఖైదీలన్న సంగతి దాచమనడం లేదు. మొదటి పేజీలోనే చెప్పండి. కానీ శీర్షిక "జైలు నుంచి విడుదలైన 60 మందికి ఉపాధి" అని ఉంటే కంపెనీ కమిటీ దాన్ని ఏ గడిలో పెట్టాలో తెలుసుకుంటుంది.

ఏ కంపెనీని అడగాలి? తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. చర్లపల్లి కేంద్ర కారాగారానికి దగ్గర్లోనే పారిశ్రామికవాడ ఉంది. విశాఖ జైలుకు ఫార్మా కంపెనీలు, పోర్టు మరీ దూరం కాదు. ముంబయి హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టి ఎదురుచూసే బదులు పక్కనున్న ఫ్యాక్టరీ హెచ్ఆర్ మేనేజర్‌ను కలవండి. డబ్బు ఇవ్వలేకపోయినా ఇద్దరికి ఉద్యోగం ఇస్తానంటే, అది చాలా గ్రాంట్ల కంటే విలువైనది.

షరతులు ఉన్నాయి. పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు, అంటే ఇన్నాళ్లూ మనం 12ఏ, 80జీ అని పిలుచుకున్నవి, ఉండాలి. సీఎస్సార్ డబ్బు తీసుకునే సంస్థ పేరు నమోదు చేసుకునే సీఎస్సార్-1 ఫారం 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం కూడా చూస్తారు. నిన్న పెట్టిన సంస్థకు నేరుగా ఇవ్వరు, కాబట్టి మొదట్లో ఒక పాత సంస్థతో కలిసి నడవడం మంచిది.

ఇక జీతం సంగతి. "పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదు, మీ కార్యకర్త జీతం ఇవ్వలేం" అని కంపెనీవాళ్లు అంటారు. సగం మంది అక్కడే తలూపి వచ్చేస్తారు. నిబంధన అలా లేదు. ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్సార్ విభాగం నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చుకు పరిమితి. ఫలానా ప్రాజెక్టును రూపొందించడానికి, అమలు చేయడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు ఆ లెక్కలోకి రాదని సీఎస్సార్ నిబంధనల నిర్వచనంలోనే ఉంది. ఖైదీ వెంట తిరగడమే ప్రాజెక్టు అయినప్పుడు తిరిగే మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చే. ఆ నిర్వచనం ప్రింట్ తీసి తీసుకెళ్లండి.

[తెర మీద: ఏడాది బడ్జెట్, ఉదాహరణ.]

ఒక చిన్న బడ్జెట్ చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. ఏడాదికి 60 మంది, ఒక కార్యకర్త. జీతం నెలకు 25,000 చొప్పున 3,00,000. బస్సులు, ఫోన్ నెలకు 5,000 చొప్పున 60,000. గేటు దగ్గర చేతిలో పెట్టే అత్యవసర సాయం, అంటే ఊరికి టికెట్, భోజనం, సిమ్, మందులు, మనిషికి 3,000 చొప్పున 1,80,000. ఎక్కడికీ వెళ్లలేని పది మందికి గది అడ్వాన్స్ 6,000 చొప్పున 60,000. అకౌంట్లు, ఆడిట్ 60,000. మొత్తం 6,60,000. మనిషికి 11,000. ఇందులో మిషన్లు లేవు, భవనం లేదు. దాదాపు సగం జీతమే. దాత ముందు దానికి క్షమాపణ చెప్పుకోకండి.

[తెర మీద: ఇంగ్లండ్ పటం, పీటర్‌బరో.]

మనిషి వెంట ఉండటం వల్ల ఫలితం ఉంటుందా అని అడిగే దాతకు ఇంగ్లండ్ సంగతి చెప్పండి. పీటర్‌బరో జైలు నుంచి వచ్చే, ఏడాదిలోపు శిక్ష పడ్డ మగవాళ్ల కోసం 2010లో ప్రపంచంలోనే మొదటి సోషల్ ఇంపాక్ట్ బాండ్ తెచ్చారు. 17 మంది పెట్టుబడిదారులు 50 లక్షల పౌండ్లు పెట్టారు. ఆ డబ్బుతో విడుదలైనవాళ్లకు ఇల్లు, పని, వైద్యం విషయంలో తోడుండే మనుషుల్ని నియమించారు. మళ్లీ నేరం చేసి శిక్షపడటం 7.5 శాతం తగ్గితే పెట్టుబడి తిరిగివ్వాలన్నది ఒప్పందం. 2017లో లెక్క తేలింది, 9 శాతం తగ్గింది. పెట్టినవాళ్లకు అసలుతో పాటు ఏడాదికి 3 శాతం పైచిలుకు రాబడి అందింది.

మన దగ్గర రేపే అలాంటి బాండ్ వస్తుందని ఆశపడమనను. నాకు నచ్చింది ఆ లెక్క పెట్టడం. మీరు ఎంతమందికి టైలరింగ్ నేర్పారో రాస్తే సరిపోదు. ఆరు నెలల తర్వాత ఎంతమంది ఇంకా పనిలో ఉన్నారు, ఎంతమంది కోర్టు వాయిదాలకు తప్పకుండా వెళ్తున్నారు, ఎంతమంది మళ్లీ లోపలికి వెళ్లారు, ఇవి రాయండి. మళ్లీ లోపలికి వెళ్లినవాళ్ల సంఖ్య కూడా దాచకుండా. మొదటి మనిషి నుంచే ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే మూడేళ్లకు మీ దగ్గర ఏ కన్సల్టెంటూ తయారుచేయలేని ప్రపోజల్ ఉంటుంది.

[తెర మీద: విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు.]

అమెరికాలో ఉన్న మన బంధువులు ఇస్తామంటారు. జాగ్రత్త. ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న బావగారు పంపితే మాత్రం విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. అంటే అనుమతి ఉన్న పెద్ద సంస్థ మీకు వాటా పంచే దారి మూసుకుపోయింది. అంటే అనుమతి ఉన్న పెద్ద సంస్థ మీకు వాటా పంచే దారి మూసుకుపోయింది. చిన్న సంస్థలు మొదటి మూడేళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు. ఎన్నారై దగ్గర డబ్బు తీసుకుంటే అతని భారత పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి, రేపు ఆడిటర్ అడుగుతాడు.

సొంత సంపాదన దారి కూడా ఉంది. తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోల్ బంకులు నడుపుతోంది, చంచల్‌గూడ దగ్గర బంకులో పెట్రోల్ కొట్టించుకున్నవాళ్లు మీలో ఉండే ఉంటారు. ఖైదీలతో పాటు విడుదలైనవాళ్లకు కూడా అలాంటి చోట్ల పని ఇచ్చారు. మీ సంస్థకు బంకు రాకపోవచ్చు. కానీ విడుదలైనవాళ్లు చేసే క్యాటరింగ్‌కో, పెయింటింగ్ పనికో ఒక కాలేజీ నుంచి ఏడాది ఆర్డర్ తెచ్చిపెట్టగలిగితే అదీ ఫండింగే.

చివరిగా ఒప్పందంలో ఒక షరతు. దాతలు ఫొటోలు, "విజయ గాథలు" అడుగుతారు. కేసు నడుస్తున్న మనిషి మొహం కంపెనీ పత్రికలో వస్తే అతని కొత్త ఉద్యోగం పోవచ్చు, కూతురి సంబంధం తప్పిపోవచ్చు. పేర్లు, మొహాలు, కేసు వివరాలు ఇవ్వబోమని సంతకానికి ముందే రాయించుకోండి. కావాలంటే మీ పుస్తకంలోని అంకెలు చూపించండి. కార్యకర్తతో మాట్లాడించండి. జైలు లోపల పనిచేయాలంటే జైళ్ల శాఖ రాతపూర్వక అనుమతి వేరే కావాలి, అది లేకుండా ఏ దాతా ముందుకు రాడు. ఆ దరఖాస్తు ఎలా రాయాలో వచ్చే వీడియోలో చూద్దాం. ఇందాక చూపించిన బడ్జెట్ షీటు కింద ఇచ్చిన లింకులో ఉంది. డౌన్‌లోడ్ చేసుకుని, జీతం వరుస మాత్రం తీసేయకుండా, మిగతా అంకెలు మీ జిల్లాకు తగ్గట్టు మార్చుకోండి.