అమిష్ ప్రేమ నవలల్లో హీరోకి భార్య ఎందుకు పోయి ఉంటుంది?

(తెర మీద: పెన్సిల్వేనియా, లాంకాస్టర్ కౌంటీ. మొక్కజొన్న చేల మధ్య గుర్రబ్బండి.)

అమిష్‌లంటే అమెరికాలో గుర్రబ్బండ్లతో పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవులు. వాళ్ల మీద వచ్చే ఈ ప్రేమ నవలలు నాలుగు చదివితే చాలు, వరస తెలిసిపోతుంది. మొదటి పేజీకే హీరో భార్య పోయి ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు, విప్పిన చోటే పడున్న బట్టలు. రచయితలకి వేరే ఊహ తట్టక కాదు, వేరే దారి లేక. అమిష్ సంఘం విడాకులు ఒప్పుకోదు. భార్యో భర్తో చనిపోతేనే మళ్లీ పెళ్లి. మలిప్రేమ రాయాలంటే ఎవరో ఒకరు పోవాల్సిందే.

అయితే ఇక్కడ ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడం కాదు. ఒక్కో సంఘంలో 20 నుంచి 40 కుటుంబాలు. రెండు వారాలకోసారి ఆదివారం ఆరాధన, అదీ వంతులవారీగా ఎవరో ఒకరి ఇంట్లో. కష్టం వచ్చిన గడపకి కూర గిన్నెలు వస్తూనే ఉంటాయి. మరి లోటు ఎక్కడ చూపించాలి? ఆరాధనలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు కాబట్టి అక్కడ కనబడదు. ఇంటికి తిరిగెళ్లేటప్పుడు బండిలో పక్క సీటు ఖాళీగా ఉంటుంది. అక్కడ కనబడుతుంది. బాగా రాసేవాళ్లు ఈ సీటుని వదలరు.

(తెర మీద: బండి లోపల, ఖాళీ సీటు.)

రచయితలు ఎక్కువగా తప్పేది వెలి దగ్గర. బాప్తిస్మం తీసుకుని, ఆ మాట తప్పినవాళ్లనే వెలివేస్తారు. బాప్తిస్మానికి ముందే ఊరు వదిలిన కుర్రాణ్ణి వెలివేసినట్టు రాస్తే, ఆ ఏడుపులన్నీ వృథా. బయటి అమ్మాయితో ప్రేమ కూడా అంతే. వాళ్ల లెక్కలో బయటివాళ్లందరూ ‘ఇంగ్లీషు’వాళ్లే, మనతో సహా! పెళ్లికి ఇద్దరూ సంఘ సభ్యులై ఉండాలి. అంటే ఆమె పెన్సిల్వేనియా డచ్ (వాళ్లు ఇంట్లో మాట్లాడే జర్మన్ యాస) నేర్చుకోవాలి, కారూ కరెంటూ వదులుకోవాలి, బాప్తిస్మం పొందాలి. మూడు అధ్యాయాల్లో తేలే పని కాదది.

ఇక పోయినవాళ్ల దుఃఖం మాన్పే సంగతి. ప్రేమ ఒక్కటే మాన్పితే కథ పలచనవుతుంది. అమిష్ జీవితంలోనే ఒక మంచి సాధనం ఉంది: సర్కిల్ లెటర్.

(తెర మీద: దళసరి కవరు, లోపల చేతిరాత ఉత్తరాలు.)

వేర్వేరు ఊళ్లలో ఉన్న విధవరాళ్లు కొందరు ఒక జట్టు అనుకోండి. అందరి ఉత్తరాలూ ఒకే కవరులో తిరుగుతాయి. మీ దగ్గరికి రాగానే అన్నీ చదవాలి, పోయినసారి మీరు రాసింది తీసేయాలి, కొత్తది పెట్టి తర్వాతి మనిషికి పోస్టు చేయాలి. ఒకరు బద్ధకిస్తే అందరికీ ఆలస్యమే.

కథకి పనికొచ్చేది ఆ తీసేసే ఉత్తరం. “రాత్రిళ్లు దీపం ఆర్పబుద్ధి కావడం లేదు” అని చలికాలంలో రాసుకున్న మనిషి, కవరు చుట్టి వచ్చేసరికి సెలరీ అనే కాడల కూరకి నారు పోస్తూ ఉంటుంది. లాంకాస్టర్‌లో పెళ్లి వంటకి సెలరీ బోలెడు కావాలి. మడులు ఎక్కువైతే ఆ ఇంట్లో పెళ్లని ఇరుగుపొరుగు పసిగట్టేస్తారు. చేతి మట్టి దులుపుకుని, పాత కాగితం తీసి, మడత విప్పకుండానే పొయ్యిలో వేస్తుంది.