తెలివైన పిల్లలకు మాట సాధన ఎందుకు?

[తెరపై: నల్లబల్ల మీద ఒక లెక్క, దాని కింద జవాబు మాత్రమే]

వ్యాఖ్యానం: లెక్క చదవగానే జవాబు చెప్పే పిల్లలను అందరం మెచ్చుకుంటాం. అది ఎలా వచ్చిందని అడిగితే మాత్రం వారిలో కొందరు “అలాగే వస్తుంది” అని ఊరుకుంటారు. నాలుగు మెట్లు ఒక్క అంగలో దాటే అలవాటున్నవారికి నడిమి మెట్లను మాటల్లో పెట్టే అవసరం రాలేదు. లెక్క కఠినమైన రోజున, తప్పు ఎక్కడ దొర్లిందో వెతుక్కోవడం వారికే కష్టమవుతుంది.

[తెరపై: అవధాన వేదిక, అవధాని చుట్టూ పృచ్ఛకులు]

మాటకు ఇంతకన్నా కఠినమైన పరీక్ష పెట్టే విద్య తెలుగువారికి ఉండనే ఉంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అడుగుతుండగా, అవధాని కలం, కాగితం ముట్టకుండా ఇచ్చిన పాదాన్ని పద్యంగా పూరించే సమస్య, ఇచ్చిన పదాలతో పద్యం అల్లే దత్తపది, వర్ణన వంటి అంశాలకు పద్యపాదాలు చెబుతూ, సంబంధం లేని మాటలతో దృష్టి మళ్లించే అప్రస్తుత ప్రసంగానికి చమత్కారంగా బదులిస్తూ, చివరకు ధారణలో ఆ పద్యాలన్నింటినీ అప్పజెబుతారు.

వీటిలో నిషిద్ధాక్షరి పిల్లల చదువుకు బాగా పనికొస్తుంది. అవధాని ఒక అక్షరం పలకగానే, ఆయన ఏ పదం వైపు వెళుతున్నారో ఊహించి పృచ్ఛకుడు తర్వాతి అక్షరాన్ని నిషేధిస్తారు. ‘రా’ తర్వాత ‘మ’ వద్దంటే ‘రాఘవ’ను వెతుక్కోవాలి, పదం మారినా భావం నిలవాలి, ఛందస్సు తప్పకూడదు.

[తెరపై: తల్లి, పదేళ్ల పాప, ముక్కలు చేసిన రొట్టె]

ఇంట్లో ఇదే పద్ధతిని తేలికగా వాడవచ్చు. ‘లవం’, ‘హారం’ అనే మాటలు వాడకుండా భిన్నమంటే ఏమిటో చెప్పమనండి. తెలివైన పిల్లలు పారిభాషిక పదాలను పెద్దల నుంచి చప్పున పట్టేస్తారు కనుక, అర్థం కాని చోటు ఆ పదాల చాటున దాగిపోతుంది. పదాన్ని నిషేధిస్తే అది బయటపడుతుంది. ఆంగ్ల మాధ్యమంలో చదివే పిల్లలను అదే పాఠం తెలుగులో చెప్పమన్నా ఇంచుమించు ఇంతే మేలు.

ఆగస్టు 15న కంఠస్థం చేసి అప్పజెప్పే ఉపన్యాసం మాత్రం ఈ సాధనకు బదులు కాదు, ఎందుకంటే అందులో ఎదురుప్రశ్న ఉండదు. ప్రతిభకు గురువు తోడు కావాలన్నదీ అవధాన చరిత్రలోనే ఉంది: జంటగా అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరులో ఉపాధ్యాయులుగా పనిచేశారు, విశ్వనాథ సత్యనారాయణ ఆయన శిష్యులే.

ఇక పెద్దలు చేయవలసింది ఒకటుంది. పిల్లలు మాట కోసం తడుముకుంటున్నప్పుడు వారి వాక్యాన్ని మనం పూర్తి చేయకూడదు.