సిట్టాంగా, సిట్టౌంగా? ఒక పైలట్ లాగ్‌బుక్‌తో కుస్తీ

వ్యాఖ్యాత: నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దున ఎగిరిన పైలట్ల లాగ్‌బుక్కుల్లో, అంటే ప్రతి ప్రయాణాన్నీ రాసుకునే పుస్తకాల్లో, కొన్ని ఊర్ల పేర్లు నేటి మ్యాపుల్లో వెతికినా కనిపించవు. అలాంటి ఊర్లను పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మేడమ్ ఈ రోజు మనతో ఉన్నారు. మేడమ్, మీ ముందున్న ఆ నీలం అట్ట పుస్తకంతోనే మొదలుపెడదామా?

అతిథి: తప్పకుండా. ఇదిగో, ఈ వరస చూడండి. 1944 మార్చి. హరికేన్ విమానం ఇంఫాల్‌లో లేచి మళ్లీ ఇంఫాల్‌లోనే దిగింది. డ్యూటీ అనే గడిలో ‘రెక్కీ’ అన్న మాట, అంటే శత్రువు జాడ చూసి రావడం. పక్కన ఒక ఊరి పేరు. గాలిలో ఉన్నది 1 గంట 20 నిమిషాలు. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

వ్యాఖ్యాత: పేరు చదవగలుగుతున్నాను. సిట్టాంగ్. 1942లో వంతెన పేల్చేసిన నది అదే కదా?

అతిథి: నేనూ అక్కడే బోల్తా పడ్డాను! ఆ వంతెనను ఫిబ్రవరి 23న పేల్చారు, నిజమే. కానీ అది దక్షిణ బర్మాలో, రంగూన్‌కు ఈశాన్యాన ఉంది. ఇంఫాల్ నుంచి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. హరికేన్‌కు గంటకు మూడు వందల కిలోమీటర్ల లెక్కన వేసుకుందాం. 80 నిమిషాల్లో సగం పోవడానికి, సగం రావడానికి. అంటే రెండు వందల కిలోమీటర్లు దాటే వీలే లేదు. పేరు పట్టుకుని రెండు రోజులు తిరిగాను. పక్క గడిలోని అంకెను చూసి ఉంటే రెండు నిమిషాల్లో తేలేది.

వ్యాఖ్యాత: మరి ఇది ఏ ఊరు?

అతిథి: మ్యాపు మీద ఇంఫాల్ దగ్గర కంపాస్ ముల్లు గుచ్చి, రెండు వందల కిలోమీటర్ల వృత్తం గీశాను. ఆ గీత లోపల చింద్విన్ నది ఒడ్డున సిట్టౌంగ్ అని ఒక ఊరుంది. ఇంఫాల్ నుంచి వంద కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఇంగ్లీషు స్పెల్లింగులో రెండు పేర్లకూ తేడా ఒక్క ‘యు’ అక్షరమే. గొలుసుకట్టు రాతలో ‘యు’ పక్కన ‘ఎన్’ వస్తే రెండూ కలిసి ఒకే అల అయిపోతాయి. భూతద్దం పెట్టి చూస్తే ఇక్కడ ఒక వంపు ఎక్కువుంది, చూడండి.

వ్యాఖ్యాత: అవును, ఉంది! ఆ ఊరు ఏ మ్యాపులో దొరికింది?

అతిథి: సర్వే ఆఫ్ ఇండియా వారి పాత క్వార్టర్ ఇంచ్ మ్యాపులో. అంగుళానికి నాలుగు మైళ్ల లెక్క. ఇంఫాల్ ఉన్న షీటు 83హెచ్. దాని తూర్పు పక్క షీటు 83ఐ అనుకుంటాం, కానీ కాదు, 83ఎల్. ఎందుకంటే ఆ అక్షరాలు అడ్డంగా నడవవు. పై నుంచి కిందికి నాలుగు, మళ్లీ పక్క వరసలో పై నుంచి నాలుగు. ఈ సంగతి తెలియక మొదట్లో ఎన్ని తప్పుడు షీట్లు తెరిచానో!

వ్యాఖ్యాత: ఆ షీట్లు దొరకని వాళ్ల మాటేమిటి?

అతిథి: అమెరికా సైన్యం 1950లలో అచ్చువేసిన బర్మా మ్యాపులున్నాయి. యు542 అనే వరస. టెక్సాస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. నేటి మ్యాపుతో మాత్రం మొదలుపెట్టకండి. 1989లో అక్కడి ప్రభుత్వం ఇంగ్లీషులో వాడే పేర్లు మార్చేసింది. రంగూన్ యాంగోన్ అయింది, ప్రోమ్ ప్యే అయింది. పైలట్ రాసిన స్పెల్లింగ్ చాలాసార్లు అతని మోకాలి మీదున్న మ్యాపుదే. కాబట్టి మనకు కావలసింది ఆ మ్యాపే.

వ్యాఖ్యాత: ఇంఫాల్ పేరు మారలేదు కాబట్టి దానితో ఇబ్బంది ఉండదేమో.

అతిథి: అదే పెద్ద ఇబ్బంది! పేరు ఒకటే, రన్‌వేలు చాలా. యుద్ధకాలంలో ఇంఫాల్ మెయిన్ అన్నది నేటి కొయిరెంగై. ఇప్పుడు మనం విమానం దిగేది తులిహాల్‌లో. అప్పట్లో అది వేరే రన్‌వే. పాలెల్, కాంగ్లా, వాంగ్‌జింగ్ కూడా ఆ లోయలోనివే.

వ్యాఖ్యాత: అసలు ఏ మ్యాపులోనూ లేని పేర్లు ఎదురైతే?

అతిథి: బ్రాడ్‌వే ఉంది కదా. 1944 మార్చి 5 రాత్రి, శత్రువు వెనక చొరబడి పోరాడే చిండిట్ దళాల గ్లైడర్లు, అంటే ఇంజను లేని విమానాలు, దిగిన చోటు. డకోటా రవాణా విమానాల పైలట్ల లాగ్‌బుక్కుల్లో ‘బ్రాడ్‌వే’ అనే ఉంటుంది. అది సైన్యం పెట్టిన రహస్య నామం, ఊరు కాదు. వైట్ సిటీ కూడా అంతే, రైలు మార్గం మీద మావ్‌లూ దగ్గర. బర్మా పశ్చిమ తీరాన అరకాన్‌లో ‘ఓకీడోక్’ కనుమ మరీ తమాషా. అసలు పేరు న్గాక్యెడౌక్. నోరు తిరగని సైనికులు దాన్నలా చేశారు. అందుకే ఏ పేరైనా ముందు పైకి చదవమంటాను. కంటికి అందనిది చెవికి అందుతుంది.

వ్యాఖ్యాత: ఇంకా తేలనివి ఉన్నాయా?

అతిథి: ఒకటుంది. యువాథిట్. బర్మీస్‌లో కొత్తూరు అని అర్థం. మన కొత్తూర్లు ఎన్నున్నాయో, వాళ్ల యువాథిట్‌లూ అన్ని! పైగా ఆ రోజు ప్రయాణం 2 గంటల 10 నిమిషాలు, వృత్తం పెద్దదైపోయింది. ఇలాంటప్పుడు స్క్వాడ్రన్, అంటే ఆ పైలట్ ఉన్న విమాన దళం, రికార్డు పుస్తకం చూడాలి. లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే వరసలో ఉంటాయి. చూశాను. అక్కడా యువాథిట్ అనే ఉంది.

వ్యాఖ్యాత: దారి మూసుకుపోయినట్టేనా?

అతిథి: ఇంకొకటి మిగిలింది. ఈ రెక్కీలకు విమానాలు జంటగా వెళ్లేవి. ఒకరు నేల చూస్తే, వెనకవారు శత్రు విమానాల కోసం ఆకాశం చూడాలి. ఆ రెండో పైలట్ లాగ్‌బుక్ కోసం ఏడాది తిరిగాను.

వ్యాఖ్యాత: దొరికిందా?

అతిథి: దొరికింది. అదే తేదీ, అవే 2 గంటల 10 నిమిషాలు. ఊరి పేరు ఉండాల్సిన చోట ‘వెనక కాపలా’ అని రాసి ఊరుకున్నాడు మహానుభావుడు.