కరెంటు లేని తీగ

(ఇంజనీర్ల దినోత్సవం నాడు బెంగళూరులో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, అమ్మలకీ అయ్యలకీ నమస్కారం. వేదిక మీద అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పదిహేను నిమిషాల్లో ఐదు పోతాయి. అందుకని అందరికీ కలిపి ఒకే దణ్ణం.

ఈరోజు విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజు. ఆయన ఇంటిపేరులోని మోక్షగుండం మన ప్రకాశం వైపు ఊరేనని ఏటా చెప్పుకుంటాం, కాఫీ తాగి వెళ్లిపోతాం. ఇక కరెంటు మాటకొస్తే, కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం కరెంటు 1902లో ముందు కోలారు బంగారు గనులకి వెళ్లింది. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో. డబ్బున్నచోటికి ముందు వెళ్లడం కరెంటుకి అప్పటినుంచీ అలవాటే.

నాకిచ్చిన అంశం పల్లెలకి కరెంటు, అందులో రిస్కులు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్లే ఎక్కువ కాబట్టి రిస్క్ రిజిస్టర్ అంటే, పనికి అడ్డొచ్చేవన్నీ రాసుకునే పట్టిక అంటే, మీకు నాకన్నా బాగా తెలుసు. కరెంటు లైన్లు వేసే మాకూ ఉండేది. వానలు, అటవీ అనుమతి, చేలో స్తంభం పాతనివ్వని రైతు, అల్యూమినియం ధర, జాబితాలోని ఇళ్లకీ ఊళ్లోని ఇళ్లకీ కుదరని లెక్క... ఒక్కోదానికి ఒక్కో వరస. అన్నీ నిజాలే. కానీ రిస్కులకి చుట్టరికాలుంటాయని ఆ పట్టికలో ఎక్కడా రాయలేదు.

2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజన వచ్చింది. ఖర్చులో 90 శాతం కేంద్రం ఇచ్చే గ్రాంటు, 10 శాతం అప్పు. ఆ రోజుల్లో శ్రీకాకుళం జిల్లాలో, కొండవాలున ఒక గూడేనికి నాలుగు కిలోమీటర్ల 11 కేవీ లైను, అంటే పదకొండు వేల వోల్టుల లైను, లాగాం. దారి ఉన్నంతవరకు ట్రాక్టరు, ఆపైన మనుషుల భుజాల మీదే సిమెంటు స్తంభాలు. దసరాకి పని అయిపోయింది. అయితే మాకు కరెంటివ్వాల్సిన సబ్‌స్టేషన్ ఇంకో కాంట్రాక్టరుది. దాని స్థలం మీద తగాదా. మా లైను ఛార్జ్ కాకుండా, అంటే కరెంటు ఎక్కకుండా, అలాగే నిలబడింది.

మే నెలలో వెళ్లి చూస్తే రెండు కిలోమీటర్ల తీగ లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌ని కిందికి దించి, మూత తీసి, ఆయిల్ వంపుకుని, లోపలి తీగ చుట్టలు పట్టుకుపోయారు. నేను ఊరివాళ్ల మీద అరిచాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. అరుగు మీది ముసలాయన ఒక్కమాటన్నాడు: "కరెంటు నేని తీగకి ఎవుడు బయపడతాడు బాబూ?"

కరెంటున్న తీగ తనకి తనే కాపలా. లేని తీగ తూకానికి అమ్ముడుపోయే లోహం. స్థలం తగాదా ఆలస్యాన్ని కంది, ఆలస్యం దొంగతనాన్ని కంది. కాంట్రాక్టరేమో "నా పని పూర్తి" అంటాడు, డిపార్ట్‌మెంటేమో "మేమింకా స్వాధీనం చేసుకోలేదు" అంటుంది. పోయిన తీగ ఎవరిదో తేలడానికే ఏడాది పట్టింది. అన్నాళ్లూ నెలవారీ రిపోర్టులో ఆ లైను "పూర్తయినవి" కిందే ఉంది. ఆ రిపోర్టు మీద సంతకం నాదే.

ఇందాక కరెంటు పోయింది చూశారా? జనరేటర్ అందుకునేలోగా పది సెకన్లు. ఎన్ని "అబ్బా"లు వినపడ్డాయండీ!

లెక్కల మాటకొస్తే, 2004 నుంచి ఉన్న నిర్వచనం ప్రకారం లైనూ ట్రాన్స్‌ఫార్మరూ ఉండి, బడికీ పంచాయతీ ఆఫీసుకీ కరెంటు వచ్చి, నూటికి పది ఇళ్లలో దీపం వెలిగితే ఆ ఊరు విద్యుదీకరణ అయినట్టే. మణిపూర్‌లోని లీసాంగ్‌తో దేశంలో అన్ని ఊళ్లూ అయిపోయాయని 2018 ఏప్రిల్‌లో ప్రకటించినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూనే మిగతా తొంభై ఇళ్లనీ తలుచుకున్నాను.

చీటీ వచ్చింది, రెండు నిమిషాలట. రాసుకొచ్చిన నాలుగు పేజీలు జేబులో పెట్టేస్తున్నా. ఒక్కటే అడుగుతా. మీలో సొంతూళ్లకి సోలార్ దీపాలో, నీళ్ల మోటారో పెట్టిస్తున్నవాళ్లున్నారు. పనయిందని ఫోటో రాగానే మొత్తం డబ్బు పంపేయకండి బాబూ. చివరి వాయిదా ఆపి, మూడు నెలలు వాడాక పంపండి.

ముందు వరసలోంచి ఎవరో అడుగుతున్నారు, ఆ గూడేనికి చివరికి కరెంటు వచ్చిందా అని. వచ్చిందండీ, తీగ పోయాక రెండో సంక్రాంతికి. నేను చూడలేదు, అప్పటికే బదిలీ అయింది. లైన్‌మ్యాన్ ఫోన్ చేసి చెప్పాడు.