ఎందుకు ఆపారో చెప్పండి

అధ్యక్షులవారికి, కాలనీ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

కంప్యూటర్ భద్రతలో కృత్రిమ మేధ గురించి అరగంట మాట్లాడమన్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మరచిపోతానేమోనని ఈ రెండూ ముందే చెప్పేశాను. ఇక నా మనసులో ఉన్నది చెబుతాను.

నేను 34 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. ముందు అబిడ్స్‌లో, తర్వాత నారాయణగూడలో. చెక్కు వస్తే ఇత్తడి టోకెన్ చేతికిచ్చి, సంతకాన్ని స్పెసిమెన్ కార్డు, అంటే ఖాతాదారు నమూనా సంతకం ఉన్న కార్డు, పక్కన పెట్టి చూసేవాళ్లం. తేడా కనిపిస్తే "అమ్మా, ఇలా కూర్చోండి" అని ఇంకోసారి సంతకం చేయించేవాళ్లం. చేతులు వణుకుతున్నాయని అప్పుడు తెలిసేది. అనుమానించడం మా ఉద్యోగమే. కానీ అనుమానించిన మనిషి ఎదురుగా ఉండేవాడు.

ఇప్పుడు ఆ పని కృత్రిమ మేధతో యంత్రం చేస్తోంది. మీరు ఏ వేళ, ఏ ఫోన్ నుంచి, ఎవరికి ఎంత పంపుతారో చూసి మీ అలవాటు నేర్చుకుంటుంది. అలవాటు తప్పితే ఆపుతుంది. అది అవసరమే. దొంగలు కొట్టేసిన డబ్బును నిమిషాల్లో అద్దె ఖాతాల గుండా, అంటే వేరేవాళ్ల పేరు మీదున్న ఖాతాల గుండా, దాటించేస్తున్నారు. లెడ్జర్ తిరగేసే మనిషికి ఆ వేగం అందదు. అలాంటి ఖాతాలను పట్టడానికే రిజర్వ్ బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ అనే సాధనం తయారుచేసింది. నేను వాటికి వ్యతిరేకిని కాను.

కిందటేడాది మా తమ్ముణ్ని రాత్రి 11 గంటలకు ఆస్పత్రిలో చేర్చాం. లక్షన్నర అడ్వాన్సు కట్టమన్నారు. నేను ఫోన్లో పంపేది పాలకి, కరెంటుకి, మందులకి. అలాంటిది అర్ధరాత్రి, కొత్త ఖాతాకి, లక్షన్నర! యంత్రం నా ఖాతాను ఆపేసింది. కౌంటర్లో నేనున్నా ఒక్క క్షణం ఆగేవాణ్ని. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "భద్రతా కారణాల వల్ల సర్" అన్నారు. ఏ కారణం అంటే "సిస్టమ్‌లో చూపించడం లేదు సర్". ఆరుసార్లు చేశాను. ఆరుసార్లూ అదే మాట. బిల్లింగ్ కౌంటర్ పక్కన మా మరదలు గాజులు తీసి రుమాల్లో చుట్టుకోవడం చూశాను. పొద్దున బ్రాంచి తెరిచాక మేనేజరుకీ కారణం తెలియదు.

గాజుల సంగతి ఇక్కడ చెప్పకూడదనుకున్నాను. వచ్చేసింది.

మీలో ఎంతమందికి ఖాతా ఇలా ఆగింది? చేతులెత్తండి. చూడండి, వెనక వరుసలో కూడా ఉన్నారు.

ఇంకో మాట. మన అలవాటు నేర్చుకోవాలంటే యంత్రం మనల్ని చూస్తూనే ఉండాలి. ఏ మందుల షాపుకి ఎన్నిసార్లు వెళ్లానో దానికి తెలుసు. 1962లో సుప్రీంకోర్టులో ఖరక్ సింగ్ కేసు తేలింది. పోలీసులు రాత్రిళ్లు ఆయన తలుపు తట్టి ఇంట్లో ఉన్నాడో లేడో చూసేవారు. గోప్యత హక్కు రాజ్యాంగంలో లేదని ఎక్కువమంది న్యాయమూర్తులు అంటే, జస్టిస్ కోకా సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. మన రాజమండ్రి మనిషి, మూసీ ఒడ్డున మన హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్నవారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమని రాశారు. 2017లో అదే సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ మాటే నిలబెట్టారు. 55 ఏళ్లు పట్టింది. ఈ హాల్లో ఉన్నవాళ్లకి అంత వ్యవధి లేదు.

నేనడిగేది ఇంతే. ఖాతా ఆపితే ఎందుకు ఆపారో తెలుగులో రెండు వాక్యాలు ఫోన్‌కి రావాలి. విడిపించే అధికారమున్న మనిషి ఆ రాత్రే లైన్లో దొరకాలి. కారణం చెబితే దొంగలు నేర్చుకుంటారని బ్యాంకువాళ్లు అంటారు. గుట్టంతా విప్పమనడం లేదయ్యా! "కొత్త ఖాతాకి పెద్ద మొత్తం, అందుకే ఆపాం" అంటే దొంగకి కొత్తగా తెలిసేదేముంది?

అర్జీ రాసి తెచ్చాను. బ్యాంకు నుంచి 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్దాం. సంతకం పెట్టేవాళ్లు ఖాతా ఆగిన తేదీ, వేళ రాయండి. ఖాతా నంబరు మాత్రం నాకు కూడా చెప్పకండి.