గెలవని వీరులు

శ్రోతలకు నమస్కారం. మన కోనసీమలోనూ, అటు పాలకొల్లు, నరసాపురం వైపు ఊళ్లలోనూ తీర్థాలకి బుర్రకథ పెట్టిస్తే తెల్లవార్లూ కూర్చుని విన్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఆ కథల్లో వీరుడంటే ఎవరు? కండబలం, కత్తి అనేస్తాం గానీ నాకది చాలదనిపిస్తుంది, ఎందుకంటే మన జనం ఎక్కువ ప్రేమగా పాడుకున్న వీరులు గెలిచినవాళ్లు కాదు.

పల్నాటి బాలచంద్రుణ్ణే చూడండి. ఆడుకుంటుంటే బొంగరం ఎగిరి ఒకావిడ కాలికి తగులుతుంది, మీవాళ్లంతా యుద్ధానికి పోతే నీకిక్కడ ఆటలా అని ఆవిడ దెప్పుతుంది, ఇక ఆ మాట పడలేక యుద్ధం జరిగే కారంపూడికి బయల్దేరతాడు. తల్లి ఐతాంబ ఏడ్చినా ఆగడు. భార్య మాంచాల మాత్రం ఏడవదు, వీరతిలకం దిద్ది పంపిస్తుంది (నాకైతే ఆమె ధైర్యమే ఎక్కువనిపిస్తుంది). తీరా అక్కడ పెద్దలు సంధి అంటుంటే ఈ కుర్రాడు ఒప్పుకోడు, తండ్రి బ్రహ్మనాయుడి మాటా వినడు. తొందరపాటు కాదా అంటే తొందరపాటే, కథ దాన్ని దాచదు. ఆ రోషమే అతన్ని వీరుణ్ణి చేసింది, అదే చంపింది, కథకుడు రెండూ ఒకే గొంతుతో పాడతాడు. పక్కనే మాల కులంలో పుట్టిన కన్నమదాసు సేనాపతిగా నిలబడతాడు. వీరత్వానికి కులం లేదని జనం ఎప్పుడో పాడేశారు.

బొబ్బిలి కథలో ఆ కోట సేనాని తాండ్ర పాపారాయుడు ఇంకో రకం. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటని కూల్చేస్తుంటే ఆయన రాజాంలో ఉన్నాడు, వచ్చేసరికి అంతా అయిపోయింది. కోటని కాపాడలేకపోయినవాడు కథకి నాయకుడయ్యాడంటే ఆలోచించండి! రాత్రివేళ, బుస్సీతో చేతులు కలిపిన విజయనగరం రాజు విజయరామరాజు డేరాలో దూరి అతణ్ణి చంపి, తానూ పొడుచుకుని చనిపోయాడు. ఓడినా బాకీ మిగల్చలేదు, జనం గుర్తుపెట్టుకున్నది అదే.

తర్వాత బుర్రకథల్లోకి మన నరసాపురంలో చదువుకున్న అల్లూరి సీతారామరాజు కూడా వచ్చాడు. 1922 నుంచి 1924 దాకా మన్యంలో పోరాడి, చివరికి తుపాకీ గుళ్లకి బలయ్యాడు. అయినా పాటలో ఆయన గొప్పంతా మిరపకాయ టపాలోనే ఉంది: ఫలానా పోలీస్ స్టేషన్ మీదికి వస్తున్నాను, కాచుకోండి అని ముందే కబురు పంపి మరీ వెళ్లడం. చెప్పి మరీ వెళ్లిన ఆ తెగువకే మనవాళ్లు తంబుర మీటారు.