కర్ర కాటా, పాల కాటా

పెద్దలకు, పాడి చేసే అక్కలకు, కర్ర రైతులకు నమస్కారం.

నందిగామ, కంచికచర్ల వైపు ఏ డొంకలోకి దిగినా ఒక పక్క కాగితం మిల్లులకు కర్రనిచ్చే సుబాబుల్ తోట, ఇంకో పక్క గేదెల కొట్టం కనిపిస్తాయి. కర్ర డబ్బు మూడేళ్ళకోసారి వస్తుంది. పెళ్ళికో, పాత బాకీకో పోతుంది. పదిహేను రోజులకోసారి వచ్చే పాల డబ్బుతో ఇల్లు గడుస్తుంది. ఈ రెండింటినీ కలిపేది సుబాబుల్ ఆకు. అందుకే ఇవాళ ఆకు గురించే ఎక్కువ చెబుతాను.

ఎండు లెక్కన ఈ ఆకులో 20 నుంచి 25 శాతం మాంసకృత్తులుంటాయి. వరిగడ్డిలో నాలుగు శాతం ఉంటే గొప్ప. అంటే దాణా ఖర్చు తగ్గించే మేత ఇది. చిక్కల్లా ఆకులో ఉండే విషపదార్థం మైమోసిన్‌తోనే. పశువు పొట్టలో అది వేరే పదార్థంగా మారి థైరాయిడ్ పనిని దెబ్బతీస్తుంది. మోతాదు మించితే ముందు తోక కుచ్చు రాలుతుంది, చొంగ కారుతుంది, మేత తగ్గుతుంది. దాన్ని విరిచే సూక్ష్మజీవులు కొన్ని పశువుల పొట్టలో ఉంటాయి. ఆస్ట్రేలియా వాళ్ళు 1980లలో హవాయి మేకల నుంచి వాటిని తెచ్చి తమ పశువులకు ఎక్కించుకున్నారు. సంతలో నిన్న కొన్న గేదెలో అవి ఉన్నాయో లేదో మనకెలా తెలుస్తుంది? కాబట్టి రోజుకు కిలోతో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచండి. మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వొద్దు. 25 కిలోల పచ్చిమేత తినే గేదెకు 7, 8 కిలోలు చాలు. మిగతాది జొన్న చొప్పో, సూపర్ నేపియర్ గడ్డో. కోసిన ఆకును ఒక పూట ఎండలో వాడబెడితే విషం కొంత తగ్గుతుంది. పాలు పిండాకే వేయండి, ముందు వేస్తే పాలకు వాసన పడుతుంది.

లేత చిగుళ్ళలోనే మైమోసిన్ ఎక్కువ. తోట నరికాక మోడు నుంచి గుత్తులుగా పిలకలొస్తాయి. రెండు మూడు నెలలకు మోడుకు రెండో మూడో బలమైనవి ఉంచి మిగతావి తీసేయాలి, లేకపోతే ఏదీ లావెక్కదు. అలా తీసిన పిలకలను మోపులు కట్టి ఒకేసారి కొట్టంలో పడేస్తారు చూడండి, తోక వెంట్రుకలు రాలేది ఎక్కువగా అప్పుడే! నరికేటప్పుడు కూడా పదునైన రంపం వాడి, నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా కోయండి. బెరడు చీలితే పిలకలు సరిగా రావు. కర్ర కోసం పెంచే చెట్టు కొమ్మలు మేతకు కొడుతూ పోతే మాను లావెక్కదు. గట్టు వరసను మేతకు వదలండి, మీటరు ఎత్తులో ఖండించి 40, 50 రోజులకోసారి కోసుకోండి.

ఇక కాటా. పచ్చికర్ర టన్నులో 45 శాతం నీరు ఉందనుకోండి, గట్టి సరుకు 550 కిలోలు. లోడు దొరక్క కళ్ళంలో ఆగి నీరు 35 శాతానికి దిగితే కాటా మీద పడేది 846 కిలోలే. కర్ర ఎక్కడికీ పోలేదు, 154 కిలోల డబ్బు మాత్రం ఆవిరైంది. అందుకే లారీ ఖాయమయ్యాకే రంపం పట్టండి. నరికాక ఆకు, కొమ్మలు చెట్టుకే ఉంచితే అవి నీటిని ఇంకా లాగేస్తాయి, వెంటనే కొట్టేయండి. రాజమండ్రి కాగితం మిల్లుకు పోయినా సారపాక మిల్లుకు పోయినా ఈ లెక్క మారదు.

పాల దగ్గర నష్టం ఇంకా కంటికి కనపడదు. మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. ఆఖరి పాలు దూడకు వదిలితే పాల కేంద్రంలో వెన్న శాతం పడిపోతుంది. దూడకు ముందు పాలు తాగించండి. క్యానును గరిటతో కిందికీ పైకీ కలపకుండా తీసిన నమూనా చెల్లదని గట్టిగా అడగండి, పైన మీగడ తేలి ఉంటుంది. వెన్న శాతం కొలిచే గెర్బర్ పరీక్షలో 10 మిల్లీలీటర్ల ఆమ్లం, దాని మీద గొట్టం గోడ వెంట నెమ్మదిగా 10.75 మిల్లీలీటర్ల పాలు, ఆపైన 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్. పాలు గబుక్కున పోస్తే మాడి నల్లటి నలుసులు వెన్న గీత కింద చేరతాయి, ఆ రీడింగు నమ్మొద్దు. అప్పుడే పిండిన పాలలో, చిక్కదనం కొలిచే లాక్టోమీటరు పెడితే గాలి బుడగల వల్ల, ఇంకా గట్టిపడని వెన్న వల్ల అంకె తక్కువ చూపిస్తుంది. నీళ్ళు కలిపారన్న మాట పడకూడదంటే పిండి రెండు గంటలయ్యాకే చూడమనండి.